నొప్పికో పేరు కావాలి!

పొద్దున్నే లేస్తే వేళ్లు ముడుచుకోవు. మెట్లెక్కుతుంటే కాళ్లు మొరాయిస్తాయి. ఎక్స్-రే చూస్తే అంతా బాగానే ఉందంటారు. ఒకరు వాతమంటారు, ఇంకొకరు టెన్షనంటారు. ఇంతకీ ఏమిటిది? ఆ జవాబు దొరికితే సగం వైద్యం అయినట్టే!

2022 అక్టోబరు 29. ఆ రోజు తెలుగు ఇళ్లలో ఓ కొత్త మాట వినిపించింది... మయోసైటిస్. కథానాయిక సమంత ఇన్‌స్టాగ్రామ్‌లో ఓ ఫొటో పెట్టారు. ఎదురుగా మైకు, చేతికి సెలైన్. తనకు మయోసైటిస్ అనే ఆటోఇమ్యూన్ జబ్బు ఉన్నట్టు కొన్ని నెలల కిందట బయటపడిందనీ, తగ్గాక అందరికీ చెబుదామనుకున్నాననీ, కానీ అనుకున్నదానికంటే ఎక్కువ సమయం పడుతోందనీ రాశారు. అప్పటికి 'యశోద' విడుదలకు రెండువారాలు కూడా లేదు.

సినిమా పరిశ్రమలో ఇలా చెప్పుకోవడం చిన్న విషయం కాదు. 'ఆరోగ్యం బాగాలేదట' అన్న మాట ఫిలింనగర్‌లో షికారు చేసిందంటే కాల్షీట్లు ఆగిపోతాయన్న భయం పెద్ద నటులకే ఉంటుంది. ఇక రోజు కూలీ మీద బతికే జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, డ్యాన్సర్లు, ఫైటర్ల సంగతి చెప్పాలా? నొప్పి ఉన్నా నవ్వుతూనే సెట్‌కి వెళతారు. పైగా అక్కడ నొప్పి మామూలే. రోజంతా డ్యాన్స్ చేస్తే మోకాళ్లు పీకుతాయి. తాడు కట్టుకుని దూకితే నడుం పట్టేస్తుంది. అందుకే అసలు జబ్బు మొదలైనా 'పని ఎక్కువైంది' అని సరిపెట్టేసుకుంటారు.

ఆ మాటకొస్తే మన ఇళ్లలోనూ అంతేగా! అమ్మ చేతివేళ్లు వాస్తే 'అంట్లు తోమీ తోమీ' అంటాం. వంకాయ మానెయ్, బంగాళదుంప మానెయ్ అంటాం. ఈలోగా నెలలు గడిచిపోతాయి.

కంచే చేను మేస్తే...

మన రోగనిరోధక వ్యవస్థ పని బయటినుంచి వచ్చే క్రిములతో పోరాడటం. ఒక్కోసారి అది దారితప్పి సొంత శరీరం మీదే దాడి చేస్తుంది. అదే ఆటోఇమ్యూన్ జబ్బు. దాడి కీళ్లలోని పొర మీదైతే రుమటాయిడ్ ఆర్త్రయిటిస్, కండరాల మీదైతే మయోసైటిస్. చర్మం, కీళ్లు, కిడ్నీలు... ఇలా ఎక్కడైనా దెబ్బతీసేది లూపస్. రుమటాయిడ్ ఆర్త్రయిటిస్ మగవారికంటే ఆడవారిలో రెండుమూడు రెట్లు ఎక్కువ. లూపస్ రోగుల్లోనైతే పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే.

చిక్కేమిటంటే ఇవన్నీ మొదట్లో ఒకేలా ఉంటాయి. నొప్పి, నీరసం, కాస్త జ్వరం. దానికితోడు థైరాయిడ్ లోపం, విటమిన్-డి లోపం, యూరిక్ యాసిడ్ పెరగడం కూడా ఒళ్లునొప్పులో కీళ్లనొప్పులో తెచ్చిపెడతాయి. 2006లో చికున్‌గున్యా ఊళ్లకు ఊళ్లనే మంచాన పడేసింది గుర్తుందా? ఆ జ్వరం తగ్గినా కొందరికి కీళ్లనొప్పులు నెలల తరబడి ఉండిపోయాయి, అచ్చం రుమటాయిడ్‌లాగే!

పనివల్లా... జబ్బువల్లా?

తేడా పట్టుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి. పనివల్ల, అరుగుదలవల్ల వచ్చే నొప్పి సాధారణంగా సాయంత్రానికి పెరుగుతుంది, విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది. వాపుతో వచ్చే కీళ్లజబ్బు దీనికి తలకిందులు. పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకుపోతాయి. అరగంటో గంటో గడిచి, అటూఇటూ కదిలాకగానీ పట్టు వదలవు. రుమటాయిడ్ ఎక్కువగా వేళ్ల కణుపులు, మణికట్టు, పాదాల్లోని చిన్న కీళ్లను పట్టుకుంటుంది. తరచుగా రెండువైపులా ఒకేలా వస్తుంది. వాపు ఆరువారాలు దాటి ఉంటే తాత్సారం చేయకూడదు.

మయోసైటిస్‌లో అసలు సమస్య నొప్పికంటే బలహీనత. కుర్చీలోంచి లేవలేరు. మెట్లెక్కలేరు. తల దువ్వుకోవడానికి చెయ్యెత్తలేరు. కొందరికి కనురెప్పల మీద, వేళ్ల కణుపుల మీద ఎర్రటి మచ్చలొస్తాయి. మింగడం కష్టమైనా, ఆయాసం వచ్చినా అది అత్యవసరం కిందే లెక్క. 'దంగల్' సినిమాలో చిన్నారి బబితగా నటించిన సుహానీ భట్నాగర్ 2024 ఫిబ్రవరిలో 19 ఏళ్లకే కన్నుమూసింది. ఆమెకు వచ్చింది ఇదే కోవకు చెందిన డెర్మటోమయోసైటిస్. చేతిమీద మచ్చలతో మొదలైందనీ, జబ్బేమిటో తేలడానికి సమయం పట్టిందనీ తల్లిదండ్రులు అప్పట్లో చెప్పారు.

కుర్రాళ్లకు వచ్చే మరో జబ్బు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. ఫైటర్లయినా ఐటీ ఉద్యోగులయినా దీన్ని 'నడుం పట్టేసింది' అనే అనుకుంటారు. నలభై అయిదేళ్లలోపు మొదలై, మూడునెలలు దాటినా తగ్గకుండా, తెల్లవారుజామున నిద్రలేపి, నడిస్తే తగ్గే నడుంనొప్పి అయితే దీన్ని అనుమానించాలి.

ఒక్క పరీక్షతో తేలదు!

'రక్తపరీక్ష చేయించాం, ఆర్ఎఫ్ పాజిటివ్ వచ్చింది' అని కంగారుపడేవాళ్లున్నారు. 'నెగెటివ్ వచ్చింది, ఇంకేం లేదు' అని ధీమాపడేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే ఈ పరీక్ష కొందరు ఆరోగ్యవంతుల్లోనూ పాజిటివ్ వస్తుంది. జబ్బు ఉన్నవారిలో దాదాపు అయిదో వంతు మందిలో నెగెటివే వస్తుంది. యాంటీ సీసీపీ పరీక్ష అంతకంటే నమ్మకమైనదే కానీ అదీ అందరిలో దొరకదు. లూపస్ కోసం చేసే ఏఎన్ఏ పరీక్ష కూడా ఆరోగ్యవంతుల్లో కొందరికి తక్కువ స్థాయిలో పాజిటివ్ వస్తుంది. ఈఎస్ఆర్, సీఆర్‌పీలు ఒంట్లో వాపు ఉందని చెబుతాయి తప్ప ఎందుకుందో చెప్పవు. కండరాల జబ్బయితే సీకే పరీక్ష, ఈఎంజీ, ఎంఆర్ఐ, ఒక్కోసారి కండరం ముక్క తీసి పరీక్షించడం కూడా అవసరమవుతాయి.

ఇక ఎక్స్-రే... ఎముక దెబ్బతిన్నాకే అందులో కనిపిస్తుంది. తొలిరోజుల్లో 'నార్మల్' అని వస్తే జబ్బు లేదని కాదు, ఇంకా నష్టం జరగలేదని అర్థం. వైద్యానికి అదే మంచి సమయం! మొదటి మూడు నుంచి ఆరునెలల్లో సరైన మందు పడితే కీళ్లు వంకర్లుపోకుండా కాపాడుకునే అవకాశం బాగా పెరుగుతుంది.

అందుకే రోగి చెప్పే కథ, డాక్టరు చేత్తో చూసే పరీక్ష, ఆ తర్వాతే రక్తపరీక్షలు... ఈ మూడూ కలిస్తేనే జబ్బు పేరు తేలుతుంది. కొందరికి అప్పుడూ తేలదు. 'కొన్నాళ్లు గమనిద్దాం' అని డాక్టరు అంటే అది తెలివితక్కువతనం కాదు. కొన్ని వాపులు వాటంతటవే తగ్గుతాయి, కొన్ని కాలం గడిచాకే అసలు రూపం చూపిస్తాయి.

మాయచేసే మాత్రలు

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర వేసుకోగానే నొప్పి ఎగిరిపోయిందా? అందులో స్టెరాయిడ్ ఉందేమో చూసుకోండి. పేరులేని పొడుల్లోనూ స్టెరాయిడ్లు కలిసినట్టు తేలిన సందర్భాలున్నాయి. స్టెరాయిడ్ చెడ్డమందేం కాదు. డాక్టరు చేతిలో అది ప్రాణాలు నిలిపే మందు. కానీ ముందే వాడేస్తే వాపు అణిగిపోయి జబ్బు ఆనవాళ్లు దొరకవు. ఎక్కువకాలం వాడితే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. అలాగని హఠాత్తుగా మానేసినా ప్రమాదమే.

ఇంకో హెచ్చరిక. కీళ్లవాతానికి ఎక్కువగా ఇచ్చే మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణులు, బిడ్డ కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు ఈ మందు వాడకూడదు కాబట్టి ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

ఎవరి దగ్గరికి?

ఈ జబ్బుల నిపుణులు రుమటాలజిస్టులు. విరిగిన ఎముకకు ఆర్థోపెడిక్ డాక్టరు ఎలాగో, వాచిన కీలుకు వీళ్లు అలాగ. జూబ్లీహిల్స్ చుట్టుపక్కల కార్పొరేట్ ఆసుపత్రులకు కొదవలేదు. అంత ఖర్చు భరించలేనివాళ్లకు పంజగుట్టలోని నిమ్స్‌లో రుమటాలజీకి ప్రత్యేక విభాగం ఉంది. కృష్ణానగర్ నుంచి అది ఎంతో దూరం కాదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు...

* నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏ కీలు, పొద్దున ఎంతసేపు పట్టేస్తోంది... రెండువారాలు రాసిపెట్టుకోండి.
* వాపు కనిపించిన రోజే ఫోన్‌తో ఫొటో తీయండి. డాక్టరును కలిసే రోజుకు అది తగ్గిపోవచ్చు.
* సంబంధం లేదనుకున్నవీ చెప్పండి. నోటిపూత, జుట్టు రాలడం, ఎండకు మచ్చలు, కళ్లు పొడిబారడం, చలికి వేళ్లు తెల్లబడటం, గర్భస్రావాలు... అన్నీ.
* వాడిన ప్రతి మందు, పొడి, ఇంజెక్షను వివరాలు దాచకుండా చెప్పండి.
* పాత రిపోర్టులు తేదీల వరుసలో పెట్టండి.

జబ్బు పేరు బయటపడితే జీవితం అయిపోయినట్టు కాదు. సమంత 2023లో కొంతకాలం విరామం తీసుకున్నారు. 2025లో 'శుభం'తో నిర్మాతగానూ మారారు. అయితే విరామం తీసుకునే వెసులుబాటు అందరికీ ఉండదు. ఒక్కరోజు పనికి వెళ్లకపోతే పొయ్యి వెలగని ఇళ్లు కృష్ణానగర్‌లో ఎన్నో. చేతులే పెట్టుబడిగా బతికే అలాంటి మేకప్‌మేన్‌కీ, టైలర్‌కీ, వంటమనిషికీ జబ్బును ముందుగా గుర్తించడం మరీ ముఖ్యం. 'పనివల్లేలే' అని మరో నెల వాయిదా వేస్తే, ఆ నెల ఖరీదు వాళ్ల చేతివేళ్లే!