సూర్యుడు ఎలా వెలుగుతాడు?

సూర్యుడిలో కనిపించేది మంట కాదు. సూర్యుడు మొత్తం బొగ్గే అయి ఉంటే కొన్ని వేల ఏళ్లలో కాలిపోయేవాడు. కానీ సుమారు 460 కోట్ల ఏళ్లుగా వెలుగుతూనే ఉన్నాడు. ఇందుకు కారణం కేంద్రక సంలీనం.

సూర్యుడిలో ఎక్కువ భాగం హైడ్రోజన్. దాని కేంద్రకంలో ఉండేది ఒక్క ప్రోటాన్. ప్రోటాన్లన్నీ ధనావేశం కలవి కాబట్టి ఒకదాన్నొకటి వికర్షించుకుంటాయి. అయితే సూర్యుడి నడిభాగంలో ఉష్ణోగ్రత సుమారు 1.5 కోట్ల డిగ్రీల సెల్సియస్. పీడనమూ అపారం. అక్కడ అతివేగంగా కదిలే ప్రోటాన్లలో కొన్ని బాగా దగ్గరికి చేరి అతుక్కుంటాయి. ఇలా దశలవారీగా నాలుగు హైడ్రోజన్ కేంద్రకాల నుంచి ఒక హీలియం కేంద్రకం తయారవుతుంది.

హీలియం కేంద్రకం ద్రవ్యరాశి ఆ నాలుగింటి మొత్తం కంటే సుమారు 0.7 శాతం తక్కువ. తగ్గిన ద్రవ్యరాశి ఐన్‌స్టీన్ సూత్రం ప్రకారం శక్తిగా మారుతుంది. సూర్యుడిలో సెకనుకు 40 లక్షల టన్నులకు పైగా ద్రవ్యరాశి ఇలా శక్తిగా మారుతోంది.

మరి సూర్యుడు బాంబులా ఎందుకు పేలిపోడు? గురుత్వాకర్షణ లోపలికి లాగుతుంటే, వేడి వాయువు పీడనం బయటికి నెడుతుంది. రెండూ సమతూకంలో ఉంటాయి.

నక్షత్రాల్లో సంలీన ప్రక్రియ ఉండవచ్చని 1920లో ఆర్థర్ ఎడింగ్టన్ సూచించారు. 1939లో హాన్స్ బేథే దాని దశలను వివరించి, 1967లో నోబెల్ బహుమతి పొందారు.

సూర్యుడి కంటే ఎంతో బరువైన నక్షత్రాల్లో హీలియం తర్వాత కార్బన్, ఆక్సిజన్ మొదలుకొని ఇనుము వరకు మూలకాలు తయారవుతాయి. ఇనుము సంలీనం చెందితే శక్తి వెలువడదు. అందుకే ఆ నక్షత్రాల్లో సంలీనం అక్కడితో ఆగిపోతుంది.