ముద్ర లోన్‌తో ఆన్‌లైన్ సెంటర్: ఏ ప్రాసెసర్ తీసుకోవాలి?

గాజువాక, కూర్మన్నపాలెం వైపు జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు పెట్టాలనుకునే లబ్ధిదారులకు ఈ వివరం. ముద్ర శిశు కింద హామీ లేకుండా రూ.50,000 వరకు లోన్ వస్తుంది. ఇందులో సబ్సిడీ లేదు, మొత్తం కట్టాల్సిందే. కంప్యూటర్, ప్రింటర్ రెండూ అందులోనే సర్దుకోవాలి.

"సెకండ్ హ్యాండ్ ఐ7, చవగ్గా ఇస్తాం" అంటే పేరు చూసి తొందరపడకండి, ఎప్పటిదో అడగండి. 2011 నాటి ఐ7-2600 కన్నా 2022లో వచ్చిన ఐ3-12100 వేగంగా పనిచేస్తుంది. పైగా ఆ పాత ఐ7కి విండోస్ 11 సపోర్ట్ లేదు. విండోస్ 10 సపోర్ట్ ఏమో 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. జనం ఆధార్, బ్యాంకు వివరాలు మీ సిస్టమ్‌లోనే కదా కొట్టించుకునేది!

నంబర్ చివర 'ఎఫ్' ఉంటే (12100ఎఫ్) కొంచెం తక్కువకు వస్తుంది. కానీ అందులో గ్రాఫిక్స్ ఉండదు, కార్డు విడిగా కొనకపోతే మానిటర్‌లో ఏమీ కనిపించదు.

ఫారాలు, ప్రింట్ల పనికి ఐ3 చాలు. మిగిలిన డబ్బు 8 జీబీ ర్యామ్‌కు, ఎస్‌ఎస్‌డీకి పెట్టండి. ఆటోనగర్ వర్క్‌షాపులకు ఆటోక్యాడ్ డ్రాయింగ్‌లు గీసేవారు మాత్రం కోర్ల సంఖ్య కన్నా ఒక్కో కోర్ వేగం చూసుకోవాలి.

బ్యాంకుకు ఇచ్చే కొటేషన్‌లో ప్రాసెసర్ పూర్తి నంబర్ రాయించుకోండి. "ఐ7 కంప్యూటర్" అని మాత్రమే రాసిస్తే తీసుకోవద్దు.