ఎంత దూరంలో ఉంది ఆ దుప్పి?

మాచర్ల దాటి వెల్దుర్తి వైపు వెళ్లేకొద్దీ మిర్చి, పత్తి చేల వెనక నల్లమల కొండలు దగ్గరవుతాయి. ఎదుటి వాలు మీద దుప్పి మేస్తుంటే, అది ఎంత దూరంలో ఉందని చేలో పనిచేసే ఇద్దర్ని అడిగి చూడండి. ఒకరు "రెండొందల గజాలు ఉంటదేమో" అంటారు. రెండో ఆయన "మూడొందలకు తక్కువ ఉండదు" అంటారు. ఇద్దరూ అడవి పక్కనే పుట్టి పెరిగినవాళ్లే. అయినా లెక్క కలవదు.

కంటికి ఆ చిక్కు సహజం. మధ్యలో లోయ ఉంటే అవతలి గట్టు ఉన్నదానికన్నా దగ్గరగా తోస్తుంది. మసక వెలుతురులో, చెట్ల నీడలో ఉన్న జంతువు ఉన్నదానికన్నా దూరంగా అనిపిస్తుంది. ఈ తేడాను తీర్చే పరికరమే లేజర్ రేంజ్‌ఫైండర్. అరచేతిలో ఇమిడే చిన్న దుర్భిణి ఇది. ఒక కంటితో చూసి మీట నొక్కితే దూరం అంకెల్లో కనిపిస్తుంది.

లోపల జరిగే పని వినడానికి తేలికే. పరికరం కంటికి కనిపించని పరారుణ కాంతిని తునకలు తునకలుగా వదులుతుంది. చేత పట్టుకునే రకాల్లో ఎక్కువగా వాడేది 905 నానోమీటర్ల కాంతి. అది దుప్పికో బండకో తగిలి చెదురుతుంది. అందులో రవ్వంత వెనక్కి వచ్చి కటకం వెనకున్న గ్రాహకాన్ని తాకుతుంది. వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి పరికరం దూరం లెక్కకడుతుంది. కాంతి సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి 150 మీటర్ల అవతలి చెట్టు దాకా వెళ్లి రావడానికి సెకనులో పది లక్షల వంతు చాలు. ఒక్క మీటరు తేడా పట్టుకోవాలంటే సెకనులో వంద కోట్ల వంతులను లెక్కపెట్టగల గడియారం కావాలి.

థియోడర్ మైమన్ అమెరికాలోని హ్యూస్ ప్రయోగశాలలో తొలి లేజర్‌ను వెలిగించింది 1960లో. ఏడాది తిరిగేసరికి అదే సంస్థ దానితో దూరం కొలిచి చూపించింది. ముందుగా అందిపుచ్చుకున్నవి సైన్యాలు. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద ఉంచి వచ్చిన అద్దాల పలకకు భూమి నుంచి లేజర్ గురిపెట్టి శాస్త్రవేత్తలు చంద్రుడి దూరాన్ని కొలిచారు. ఆ కాంతి వెళ్లి రావడానికి రెండున్నర సెకన్లు పడుతుంది. సామాన్యులు కొనగలిగే చిన్న పరికరాలు 1990ల మధ్యలో అమెరికా బజారులోకి వచ్చాయి. వేటగాళ్లూ గోల్ఫ్ ఆటగాళ్లూ వాటికి తొలి గిరాకీదారులు.

వేటగాడికి దూరం ఎందుకు అంత ముఖ్యం? తుపాకీ గుండు గొట్టం దాటిన క్షణం నుంచే కిందికి జారుతుంటుంది. సగటున సెకనుకు 700 మీటర్ల వేగంతో వెళ్లే గుండు 100 మీటర్లు చేరేసరికి సుమారు 10 సెంటీమీటర్లు దిగుతుంది. 200 మీటర్లకు వేగం కూడా తగ్గుతుంది కాబట్టి ఆ దిగుడు 40 సెంటీమీటర్లు దాటుతుంది. దూరం రెట్టింపైతే దిగుడు నాలుగు రెట్లకు మించుతుందన్నమాట. అంచనా తప్పితే గుండు గుండెకు బదులు కాలికి తగులుతుంది. గాయపడ్డ జంతువు పొదల్లో దూరి రోజుల తరబడి నరకం అనుభవిస్తుంది. వేటకు అనుమతి ఉన్న దేశాల్లో బాధ్యత తెలిసిన వేటగాళ్లు ఈ పరికరం లేకుండా బయలుదేరకపోవడానికి పెద్ద కారణం ఇదే.

మన దగ్గర వేట సంగతి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. నల్లమలలోని నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి 1978లో అభయారణ్యమైంది. 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లో చేరింది. అభయారణ్యంలో వేటాడినవారికి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు. అడవి పందులు రాత్రికి రాత్రే చేనును కుళ్లబొడిచిన రైతు గోడు నిజమైనదే. అందుకు చట్టం ఒక దారి చూపింది: పంటకు, ప్రాణానికి ముప్పు తెచ్చే జంతువును తొలగించడానికి అటవీ అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. తెలంగాణలో అలాంటి అనుమతితో షూటర్లను పిలిపించి అడవి పందులను కాల్పించిన సందర్భాలున్నాయి. ఆ అనుమతి లేకుండా తుపాకీ ఎత్తినా, ఉచ్చు వేసినా, చేను చుట్టూ కరెంటు తీగ కట్టినా నేరమే. కరెంటు తీగ పందినీ మనిషినీ వేరు చేసి చూడదు కూడా.

ఆటగా సాగే షూటింగ్‌లో గానీ విలువిద్యలో గానీ ఈ పరికరంతో పనే పడదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ కాంపౌండ్ విల్లుతో బాణాలు వేసేది 50 మీటర్ల లక్ష్యం మీద. ఆ దూరాలు ముందే కొలిచి గీత గీసి ఉంటాయి. అడవి దారుల్లో సాగే ఫీల్డ్ ఆర్చరీలో కొన్ని లక్ష్యాల దూరం చెప్పరు. అక్కడ రేంజ్‌ఫైండర్ తేవడమే నిషేధం, ఎందుకంటే దూరాన్ని కంటితో పసిగట్టడం ఆ పోటీలో భాగం.

మరి నల్లమలలో దీన్ని ఎవరు వాడతారు? జంతువులను కాపాడేవాళ్లు.

దేశంలో 2006 నుంచి నాలుగేళ్లకోసారి పులుల గణన జరుగుతోంది. 2022 గణనలో దేశం మొత్తం మీద 3,682 పులులు ఉన్నట్టు తేలింది, ఆంధ్రప్రదేశ్ వాటా 63. పులిని కెమెరా చారలతో సహా పట్టిస్తుంది. దాని ఆహారమైన దుప్పులు, కణుతులు, అడవి పందుల సంగతి అలా కాదు. ఒక దుప్పికీ మరో దుప్పికీ తేడా ఫొటోలో తేలిగ్గా తెలియదు. అందుకే ట్రాన్సెక్ట్ పద్ధతి పెట్టారు. ఒక్కో అటవీ గార్డు కాపలా కాసే ప్రాంతమైన బీటులో 2 కిలోమీటర్లో అంతకు మించో తిన్నని గీత ఎంచుకుని, తెల్లవారగానే సిబ్బంది దాని వెంట చప్పుడు చేయకుండా నడుస్తారు. జంతువు కనబడితే మూడు సంగతులు రాసుకుంటారు: ఎన్ని ఉన్నాయి, దిక్సూచిలో ఏ కోణాన ఉన్నాయి, రేంజ్‌ఫైండర్‌లో ఎంత దూరం. 60 మీటర్ల దూరంలో, నడిచే గీతకు 30 డిగ్రీల కోణంలో దుప్పి కనిపిస్తే, గీత నుంచి దాని అడ్డదూరం 30 మీటర్లు. ఇలాంటి అడ్డదూరాలన్నీ కలిపి, గీతకు అటూ ఇటూ ఎంత వెడల్పు పట్టీని కన్ను నిజంగా గాలించగలిగిందో తేలుస్తారు. చదరపు కిలోమీటరుకు ఎన్ని జంతువులన్న లెక్క అక్కడి నుంచే వస్తుంది.

ఇక్కడ కంటి అంచనాను నమ్ముకుంటే జరిగేది చూడండి. చూసిన ప్రతి దూరాన్నీ నాలుగో వంతు తక్కువ రాశారనుకుందాం. పట్టీ వెడల్పు కూడా నాలుగో వంతు కుంచించుకుపోతుంది. అప్పుడు చదరపు కిలోమీటరుకు 30 దుప్పులున్న అడవిలో 40 ఉన్నట్టు కాగితం మీద తేలుతుంది. ఒక పులి ఏడాదికి సుమారు 50 పెద్ద జంతువులను తింటుంది. లేని దుప్పులను ఉన్నాయనుకుని కూర్చుంటే, ఆకలిగొన్న పులి ఊళ్లోని పశువుల కొట్టం వైపు వచ్చేదాకా తప్పు బయటపడదు. వెల్దుర్తి లాంటి అడవి అంచు మండలాలకు ఈ అంకె అందుకే అంత అవసరం.

పరికరం కొనేటప్పుడు డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసిన దూరాన్ని చూసి మోసపోకూడదు. వెయ్యి మీటర్లు అని ఉంటే అది మెరిసే సైన్‌బోర్డు లాంటి వాటికి. కాంతిని పీల్చుకునే దుప్పి తోలు మీద అందులో సగం అందడమే గొప్ప. దట్టమైన అడవిలో 200 మీటర్లకు మించి చూపు ఎలాగూ పారదు కాబట్టి, 300 మీటర్ల దాకా జంతువు మీద నికరంగా పనిచేసేది చాలు. ఆరు రెట్లు పెద్దది చేసి చూపే కటకం సరిపోతుంది. తెల్లవారుజామున నల్లటి అంకెలు చెట్ల నీడలో కలిసిపోతాయి. అందుకని ఎర్రగా వెలిగే అంకెలున్నది మేలు. కొలత గజాల్లో ఉందా, మీటర్లలో ఉందా అన్నది మొదటే సరిచూసుకోవాలి: 300 గజాలంటే 274 మీటర్లే. కాంతి కంటికి హాని చేయని ఒకటో తరగతి లేజర్ అన్న గుర్తు పరికరం మీద ఉండాలి.

వాడకంలో పొరపాట్లన్నీ కొమ్మల దగ్గరే మొదలవుతాయి. లేజర్ కిరణం దూరం పోయేకొద్దీ వెడల్పవుతుంది, దారిలో అడ్డొచ్చిన వెదురు ఆకుకు తగిలినా దాని దూరాన్నే చూపిస్తుంది. చాలా పరికరాల్లో 'దగ్గరి వస్తువు', 'దూరపు వస్తువు' అన్న రెండు అమరికలుంటాయి. పొదల చాటున ఉన్న జంతువుకు రెండోది పెట్టుకోవాలి. రెండు మోచేతులూ చెట్టు మొదలుకు ఆనించి, మూడుసార్లు కొలిచి, కలిసిన అంకెను రాసుకోవాలి. మంచు, వాన తుంపర కిరణాన్ని తమ దగ్గరే ఆపేస్తాయి. మిట్టమధ్యాహ్నపు ఎండలో పరికరం అందుకునే దూరం తగ్గుతుంది. సూర్యుడి వైపు మాత్రం ఎన్నడూ గురిపెట్టకూడదు.

కొండ మీద నుంచి కిందికి చూసేటప్పుడు మరో మెలిక ఉంది. మాచర్ల దగ్గర ఎత్తిపోతల జలపాతాన్ని పైనున్న వ్యూ పాయింట్ నుంచి కొలిస్తే కనిపించేది ఏటవాలు దూరం. జారే నీటి మీద కిరణం సరిగా నిలవదు కాబట్టి పక్కనున్న బండకు గురిపెట్టాలి. 30 డిగ్రీల వాలులో 200 మీటర్లు చూపిస్తే సమతలంగా ఉన్న అసలు దూరం 173 మీటర్లే. ఈ సవరణ తానే చేసుకునే పరికరాలూ ఉన్నాయి. ట్రాన్సెక్ట్‌లో రాయవలసింది ఈ సమతల దూరమే.

దుప్పుల మంద కనిపిస్తే మధ్యలో ఉన్నదానికి గురిపెట్టాలి. మనిషి అలికిడికి అవి పరుగెత్తితే, పారిపోయి ఆగిన చోటును కొలవకూడదు. మొదట నిలబడి ఉన్న చోట ఏ చెట్టుందో గుర్తుపట్టి దాన్ని కొలవాలి. ఈ నేర్పు పరికరంతో పాటు డబ్బాలో రాదు. నల్లమలలో అటవీ శాఖ కాపలా శిబిరాల్లో వాచర్లుగా పనిచేసే చెంచులకు ఆ చూపు చిన్ననాటి నుంచీ ఉంది. ఆకు కదలికను బట్టి అక్కడున్నది దుప్పో కణితో వాళ్లు చెబుతారు, దాని దూరం ఎంతో పరికరం చెబుతుంది. ఈ రెండూ ఒకే నోటుపుస్తకంలోకి ఎక్కినప్పుడే ఆ బీటు లెక్క పూర్తవుతుంది.