పాత మోటారుబండి – దాని పునరుద్ధరణము

మోటారుబండి పుట్టుకలో జర్మనీకెంత పేరున్నదో, దాని రూపమును నిర్ణయించుటలో ఫ్రాన్సునకంత పేరున్నది. 1891 ప్రాంతమున ఎమీల్ లెవస్సోర్ అను ఫ్రెంచి యంత్రజ్ఞుడు ఇంజనును ముందునకు తెచ్చి, దాని వెనుక గేరుపెట్టె నమర్చి, వెనుక చక్రములకు శక్తి నందించు పద్ధతిని నెలకొల్పెను. తరువాతి బండ్లు పెక్కు ఆ బాటనే పట్టినవి. మనము పలుకు షాసీ, గ్యారేజి అను మాటలును ఫ్రెంచివే.

ఆనాటి విలాసవాహనమును ఒక్క కర్మాగారమే పూర్తిగా చేయుట అరుదు. ఇంజనును, షాసీని ఒకరు చేయగా, పైకట్టును వేరొకరు చేసెడివారు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసులోని పసుపుపచ్చని రోల్సు రాయిసు ఇట్టిదే. దాని పైకట్టు లండనులోని బార్కరువారి పని. లోపలి ఆసనము సింహాసనమువలె నుండును. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ దానిని చేయించెను గాని, అది సిద్ధమగుటకు పూర్వమే 1911లో గతించెను. దశాబ్దముల తరబడి అది మిక్కిలి తక్కువగా తిరిగెను. తుదకు బాగుచేయబడి ప్రదర్శనమున నిలిచినది.

తిరుగని బండి చెడదని కొందరు తలంతురు. నిజమునకు, నిలిచిన యంత్రమున నూనె క్రిందికి జారును, చెమ్మచే సిలిండర్లు తుప్పుపట్టి పిస్టన్లు బిగిసిపోవును, పెట్రోలు బంకవలె చిక్కబడును, టైర్లు పగులును, కొయ్యచట్రమును చెదలు తినును. గోదావరిఖని గనుల ఫిట్టరులకు ఇది తెలిసిన సంగతియే.

అట్టి బండిని వెంటనే నడుపబూనరాదు. మొదట ప్రతిభాగమునకు ఛాయాచిత్రము తీయవలెను. పిదప స్పార్కు ప్లగ్గుల నూడదీసి, సిలిండర్లలో నూనె పోసి, కొన్నిదినములు నాననిచ్చి, ఇంజనును చేతితో మెల్లగా త్రిప్పిచూడవలెను. విప్పిన ప్రతి మరకును చీటీ కట్టవలెను. పాత రంగును కొంతమేర గీకక ఉంచినచో, అసలు వర్ణమునకు అదియే సాక్ష్యము. అరిగిన భాగమును మార్చవచ్చును. కాని పాతదానిని పారవేయరాదు. అన్నియు క్రొత్తవే వేసినచో మిగులునది చరిత్ర కాదు, నకలు మాత్రమే.

ఈ నియమము రాజుల బండ్లకే కాదు. 1889లో ఇల్లెందున ఆరంభమైన బొగ్గుగనుల చరిత్ర మనది. పాతగనులు మూతపడునప్పుడు వాని యంత్రములు తుక్కుగా కరిగిపోవచ్చును. విద్యార్థులారా! మీ తాతలు నడిపిన యంత్రముల పేర్లను, పనితీరును వారి నోటనే విని నేడే వ్రాసియుంచుడు. ఇనుము తుప్పుపట్టినను కొంత బాగుచేయవచ్చును. ఎరిగినవారు పోయిన పిమ్మట ఆ తెలివిని తిరిగి తేలేము.