రెండో బ్రౌజర్ ఎందుకు?

పరీక్షకు వెళ్లేటప్పుడు మీరు రెండు పెన్నులు పట్టుకెళతారు కదా! బ్రౌజర్ సంగతీ అంతే. మీ లినక్స్ కంప్యూటర్‌లో ఫైర్‌ఫాక్స్ ఉన్నట్టుండి తెరుచుకోలేదనుకోండి. దాన్ని బాగుచేసే ఉపాయం వెతకాలంటే మళ్లీ బ్రౌజరే కావాలి!

అయితే రెండో పెన్నులోనూ అదే సిరా గడ్డకట్టి ఉంటే? మీకు కనబడే కిటికీ, బొత్తాలు పై తొడుగు మాత్రమే. లోపల ఒక ఇంజను ఉంటుంది. వెబ్‌సైటు పంపిన సంకేతాలను చదివి, అక్షరాలుగా, బొమ్మలుగా తెరమీద పేర్చేది అదే. ఫైర్‌ఫాక్స్ ఇంజను గెకో. క్రోమియం ఇంజను బ్లింక్. ఎపిఫనీ అనే బ్రౌజర్‌లో ఉండేది వెబ్‌కిట్. 2013లో గూగుల్ వెబ్‌కిట్ నుంచే బ్లింక్‌ను వేరుచేసింది. అంటే ఆ రెండూ దాయాదులు. గెకోది వేరే వంశం. ఫైర్‌ఫాక్స్‌లో చెదిరిపోయిన పేజీ క్రోమియంలో చక్కగా కనబడిందా? అయితే తప్పు మీ నెట్‌ది కాదు.

మరి ఇన్ని బ్రౌజర్లను సిద్ధంగా ఉంచడం తేలికా? డెబియన్‌ను చూడండి. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన లినక్స్ పంపిణీ ఇది. దీని స్థిరమైన కూర్పు సుమారు రెండేళ్లకొకటి వస్తుంది. మధ్యలో ప్రోగ్రాములను మార్చరు. లోపాలకు మాత్రం అతుకులు వేస్తారు. బ్రౌజర్ దగ్గర ఈ పద్ధతి సాగదు. ఊరూపేరూ తెలియని వెబ్‌సైట్లు పంపినదాన్నల్లా అది నమ్మి చదవాలి. అందులో ఎప్పటికప్పుడు కొత్త కంతలు బయటపడుతూనే ఉంటాయి. అందుకే ఫైర్‌ఫాక్స్, క్రోమియంలకు మినహాయింపునిచ్చి కొత్త కూర్పులనే తెస్తారు. ఇక్కడో చిక్కుంది! కొత్త ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేయాలంటే కొత్త రస్ట్ కంపైలర్ కావాలి. స్థిరమైన కూర్పులో ఉన్నది పాతది. కనుక ముందు ఆ కంపైలర్‌నే విడిగా తెచ్చిపెట్టాలి. కుండకోసం చక్రం చేసుకున్నట్లు!

డెబియన్‌లో దొరికే ప్రతి బ్రౌజర్‌కూ ఇంత సేవ జరగదు. పాత క్యూటీవెబ్‌కిట్ ఇంజనుతో నడిచేవాటికి భద్రతా మరమ్మతులు ఇవ్వలేమని డెబియన్ వారే చెప్పారు. అలాంటిదాన్ని రెండో బ్రౌజర్‌గా పెట్టుకుంటే పెరటి తలుపు తీసిపెట్టినట్టే.

క్రోమియంను ప్యాకేజీగా వేసుకుంటే, మీరు నెలల తరబడి దాన్ని తెరవకపోయినా, సిస్టమ్‌ను తాజా చేసినప్పుడల్లా అదీ తాజా అవుతుంది. అన్నట్లు, దాన్ని తెప్పించుకోవడానికి బ్రౌజర్ అక్కరలేదు. నెట్ ఉంటే టెర్మినల్‌లో ఒక్క ఆప్ట్ ఆజ్ఞ చాలు. ఆ ఆజ్ఞ మాత్రం ఇప్పుడే పుస్తకంలో రాసిపెట్టుకోండి!