బ్రామ్ పోయాక విమ్ బాధ్యత ఎవరిది?

ఊరి చెరువు ఊరందరిది. కట్టకు గండి పడితే తట్టా పారా పట్టుకుని పరుగెత్తేవారు పదిమంది ఉంటారు. కాని తూము ఎప్పుడు ఎత్తాలి, ఎవరి మడికి ముందు నీరు పారాలి అనేది నీరటి చూసుకుంటాడు. ఆ నీరటి హఠాత్తుగా కన్నుమూస్తే? సరిగా ఇటువంటి చిక్కే 2023 ఆగస్టులో ఒక కంప్యూటరు ప్రోగ్రాముకు వచ్చిపడింది.

ఆ ప్రోగ్రాము పేరు విమ్. కంప్యూటరులో రాతపని చేయడానికి, రాసినదాన్ని దిద్దడానికి ఉపయోగిస్తారు. 1976లో అమెరికాలో బిల్ జాయ్ తయారుచేసిన ‘వీఐ’ అనే ప్రోగ్రాము దీనికి మూలం. హాలెండు దేశస్థుడైన బ్రామ్ మూలెనార్ కొన్న అమీగా కంప్యూటరులో అది లేకపోవడంతో 1988లో అటువంటిదాన్ని తానే తయారుచేసుకోవడం మొదలుపెట్టాడు. 1991లో దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చాడు. నేడు లైనక్స్ కంప్యూటర్లపై పనిచేసేవారిలో విమ్ తెలియనివారు అరుదు. నగరాలలో ఆ ఉద్యోగాలు చేస్తున్న మన పల్లెల పిల్లలను అడిగితే, మొదటిరోజు దానిలో నుంచి బయటకు రావడం తెలియక తిప్పలుపడిన సంగతి నవ్వుతూ చెబుతారు.

విమ్ వంటి వాటిని ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు అంటారు. ఆవకాయ జాడీ ఒక్కటే ఇవ్వకుండా కారం, ఆవపిండి, ఉప్పు, నూనె కొలతలు కూడా రాసి ఇచ్చినట్లన్నమాట. ఎవరైనా వాడుకోవచ్చు, లోపం కనిపిస్తే దిద్ది పంపవచ్చు. అయితే పంపిన దిద్దుబాటును అసలులో కలపాలా, వద్దా అని తేల్చే మనిషి ఒకరుండాలి. విమ్ విషయంలో ముప్పై ఏళ్లకు పైగా ఆ మనిషి బ్రామ్.

అనాథల కోసం చందా

1994లో బ్రామ్ ఆఫ్రికాలోని ఉగాండా దేశం వెళ్లి, కిబాలే అనే చిన్న ఊళ్లో ఏడాదిపాటు స్వచ్ఛందంగా నీటి సరఫరా, పారిశుద్ధ్యం పనులు చూశాడు. అక్కడివారు ఎక్కువగా రైతులే. తిండికి లోటు లేదు గాని, ఎయిడ్స్ వ్యాధి తల్లిదండ్రులను పొట్టన పెట్టుకుని ఎందరో పిల్లలను అనాథలను చేసింది. స్వదేశం తిరిగివచ్చాక బ్రామ్ వారి కోసం ఒక సహాయ సంస్థను నెలకొల్పాడు. తన ప్రోగ్రాముకు ధర కట్టకుండా, ఇష్టమైనవారు ఉగాండా పిల్లలకు చందా పంపండని కోరాడు. విమ్ తెరవగానే ఆ విజ్ఞప్తి తెరపై కనిపిస్తుంది.

అంత మంచి మనిషిపైనా ఫిర్యాదులు లేకపోలేదు. ప్రతి మార్పూ ఆయన చేతిమీదుగానే సాగాలి. ఒక్కడు ఎంతని చూడగలడు? బ్రెజిల్ కు చెందిన ఒక యువకుడు పంపిన పెద్ద మార్పు అంగీకారం పొందకపోవడంతో, 2014లో ‘నియోవిమ్’ పేరుతో వేరుకుంపటి పెట్టాడు. 2016లో విమ్ లోనూ అటువంటి సౌకర్యమే వచ్చింది. పొలాలు పంచుకున్నా పాలివాళ్లు ఒకే కాలువ నీరు వాడుకున్నట్లు, నియోవిమ్ వారు నేటికీ విమ్ దిద్దుబాట్లను తెచ్చుకుని వాడుకుంటున్నారు.

చేతులు మారిన తాళపుచెవి

2023 ఆగస్టు 3న బ్రామ్ మరణించాడు. వయస్సు 62. కొద్దివారాలలోనే జబ్బు ముదిరిందని, రెండు రోజుల తరువాత కుటుంబ సభ్యులు తెలియజేశారు. ఆస్తి అయితే వారసులకు చెందుతుంది. ప్రపంచమంతా వాడుకునే ప్రోగ్రాము బాధ్యత ఎవరికి చెందుతుంది? చట్టంలో దానికి సమాధానం లేదు. అందరి నమ్మకం ఎవరిపై ఉంటే వారిదే.

జర్మనీకి చెందిన క్రిస్టియన్ బ్రాబాండ్ట్ ముందుకు వచ్చాడు. పదేళ్లకు పైగా విమ్ లోపాలు దిద్దుతూ వచ్చిన మనిషి కావడంతో ఎవరికీ అనుమానం కలగలేదు. పదవి వచ్చింది గాని జీతం రాలేదు. తీరిక వేళల్లోనే పని. బ్రామ్ ఒక్కడూ మోసిన బరువును ఇప్పుడు కొందరు కలిసి మోస్తున్నారు. 2024 జనవరి 2న విడుదలైన విమ్ 9.1ను బ్రామ్ స్మృతికి అంకితం చేశారు.

తెలిసిన మనిషి దొరకడం ఎంత అదృష్టమో ఆ తరువాత మూడు నెలలకే బయటపడింది. ‘ఎక్స్‌జెడ్’ అనే మరో ఉచిత ప్రోగ్రామును ఫిన్లాండులో ఒక వ్యక్తి ఏళ్ల తరబడి జీతం లేకుండా ఒంటరిగా చూసుకుంటున్నాడు. అతడు అలసిపోయి ఉన్న సమయంలో జియా టాన్ అనే పేరుతో ఎవరో సాయానికి వచ్చారు. రెండేళ్లు బుద్ధిగా పనిచేశారు. పనులు ఆలస్యమవుతున్నాయి, కొత్తవారికి అప్పగించమని మరికొందరు ఒత్తిడి తెచ్చారు. పెత్తనంలో భాగం చేజిక్కాక, ఇతరుల కంప్యూటర్లలోకి దొంగదారిన చొరబడే ఏర్పాటు ఆ ప్రోగ్రాములో రహస్యంగా అమర్చారు. కంప్యూటరులోకి ప్రవేశించడానికి మామూలుకంటే అరసెకను ఎక్కువ పడుతున్నదేమిటా అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు కూపీలాగడంతో 2024 మార్చి 29న గుట్టు రట్టయింది. జియా టాన్ ఎవరో నేటికీ బయటపడలేదు.

విమ్ కు మాత్రం ఆ గండం తప్పింది. బ్రామ్ పెట్టిన హాలెండు సంస్థ ఆయన తరువాత మూతపడినా, మిగిలిన నిధులు కెనడాలోని కువాషా అనే సంస్థకు చేరాయి. కిబాలే పిల్లలకు సాయం ఇప్పుడు దాని ద్వారా అందుతున్నది. విమ్ తెరిస్తే ఉగాండా పిల్లలను ఆదుకోండన్న ఆ మాట ఇంకా తెరపై కనిపిస్తూనే ఉంది.