టర్బో పికప్పు బండికి ట్యూనింగు పెట్టె కొనదగునా?

మంథని, పెద్దపల్లి, రామగుండము ప్రాంతములలో ఎడ్లబండి పనిని ట్రాక్టరు పుచ్చుకొని చాలకాలమైనది. ఇప్పుడు ట్రాక్టరు ప్రక్కన పికప్పు బండియు వచ్చి నిలిచినది. ధాన్యము కొనుగోలు కేంద్రమునకు, పత్తి పెద్దపల్లి, జమ్మికుంట మార్కెట్లకు, కూరగాయలు గోదావరిఖని అంగళ్ళకు, సంఘము గోదామునుండి యెరువు బస్తాలు చేనికి, అన్నియు దానిలోనే సాగుచున్నవి. బండి కొన్న రెండు మూడేండ్లకు యజమానికి ఒక కోరిక కలుగుట సహజము. ఇది ఇంకకొంచెము లాగిన బాగుండును, ఇంకకొంచెము తక్కువ డీజిలు త్రాగిన బాగుండును అని. ఆ కోరిక నెరిగి సరకు అమ్మువారును బయలుదేరినారు. చిప్పు పెట్టించినచో బలమును పెరుగును, మైలేజియు పెరుగును అను మాట షెడ్డులలో వినబడుచున్నది. కొన్ని వందల రూపాయలు మొదలుకొని పదుల వేలవరకు ధర పలుకు ఈ పరికరములు ఏమి చేయగలవు, ఏమి చేయలేవు, మన ఎండలలో, మన బొగ్గుదుమ్ములో వాటివలన కలుగు మేలు కీడు లెట్టివి యనునది ఇచట వివరింతుము.

ముందుగా ఇంజను సంగతి. డీజిలు ఇంజనుకు బలము నిచ్చునది నూనె యొక్కటియే కాదు, నూనెను కాల్చు గాలియు. ఒక కిలో డీజిలు పూర్తిగా కాలుటకు లెక్క ప్రకారము సుమారు పదునాలుగున్నర కిలోల గాలి కావలెను. కాని సిలిండరులో నూనెయు గాలియు కలియుటకు దొరకు వ్యవధి మిక్కిలి స్వల్పము గనుక, పొగ రాకుండ కాలవలె నన్న అంతకంటె చాల హెచ్చు గాలి యుండవలెను. గాలి చాలనియెడల కాలని నూనె మసియై నల్లపొగగా పోవును. ఈ గాలిని బలవంతముగా ఎక్కించుటకే టర్బో యేర్పడినది. బయటికి పోవు వేడిపొగచేత ఒక చక్రమును త్రిప్పి, అదే యిరుసు రెండవ కొనకున్న వేరొక చక్రముచేత గాలిని నొక్కి లోనికి పంపు ఈ యుపాయమునకు స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూషీ 1905లో పేటెంటు పొందెను. మన పికప్పులోని టర్బో చక్రములు అరచేతిలో ఇమిడిపోవును. అయినను నిండు బరువుపై దాని యిరుసు నిమిషమునకు లక్షకు పైగా చుట్లు తిరుగును. ఆ యిరుసును అరగకుండ కాపాడునది పలుచని ఆయిలు పొర యొక్కటే.

ఎంత గాలికి ఎంత నూనె చిమ్మవలెనో నిర్ణయించుట పూర్వము పంపు మీది మరల పని. పాత బండ్లలో మెకానిక్కు ఆ మరను కొంచెము త్రిప్పి బలము పెంచుచుండెడివాడు. దానితోపాటు పొగయు పెరుగుచుండెడిది. 1990 తరువాతి దశకములో కామన్‌రైలు పద్ధతి వచ్చిన పిమ్మట ఆ పని ఈసీయూ అను చిన్న కంప్యూటరుకు సంక్రమించినది. ఒక గట్టి గొట్టములో డీజిలు వేయి రెండువేల రెట్ల వాతావరణ పీడనముతో నిలువయుండును. ఆ పీడనమును ఒక సెన్సరు కొలిచి ఈసీయూకు చెప్పును. ఈసీయూ లెక్క కట్టి ఇంజెక్టరులను తెరచును.

ఇక పరికరములు. అంగడిలో ఒకే పేరుతో అమ్ముచున్నను ఇవి నాలుగు వేరువేరు వస్తువులు. నాలుగింటిని ఒకే గాటకట్టి బేరమాడుటవలననే చాలమంది మోసపోవుచున్నారు.

అన్నిటికంటె చౌకది స్టీరింగు క్రింది పదునారు రంధ్రముల ఓబీడీ సాకెట్టులో గ్రుచ్చు చిన్న బిరడా. ఇంధనము ఆదా చేయునని దీనిపై వ్రాసియుండును. గ్రుచ్చగానే పచ్చదీపమో ఎర్రదీపమో మిణుకుమిణుకు మనును. ఇట్టివాటిని విప్పి చూచినవారికి దీపము, దానిని వెలిగించు చిన్న చిప్పు తప్ప ఇంజనుతో మాటలాడు భాగ మేదియు కనబడలేదు. దీనిని గూర్చి ఇంతకుమించి వ్రాయుట కాగితము దండుగ.

రెండవది యాక్సిలరేటరు పెడలు తీగకు తగిలించు పెట్టె. పెడలు సగము నొక్కినప్పుడు ముప్పాతిక నొక్కినట్లు ఇది ఈసీయూకు చెప్పును. బండి ఉలిక్కిపడినట్లు కదలును గనుక బలము పెరిగిన దనిపించును. కాని పెడలు పూర్తిగా నొక్కినప్పుడు వచ్చు బలము మునుపటిదే. ఎద్దుకు ముల్లుగర్ర తగిలించిన తొందరపడును గాని దాని సత్తువ పెరుగదు గదా.

మూడవదియే అసలైన ట్యూనింగు పెట్టె. జర్మనీ వారి రేస్‌చిప్, బెంగళూరు వారి డీజిల్‌ట్రానిక్ ఈ జాతివి. ఇది పీడనపు సెన్సరునకు, ఈసీయూకు నడుమ కూర్చుండి, గొట్టములోని పీడనము ఉన్నదానికంటె తక్కువగా ఉన్నట్లు చెప్పును. ఈసీయూ దానిని నమ్మి పీడనమును పెంచును. అదే వ్యవధిలో హెచ్చు నూనె సిలిండరులో పడును. తూకపు యంత్రమును తక్కువ చూపునట్లు దిద్ది ధాన్యము తీసికొనువారి సంగతి మన రైతు లెరుగుదురు. ఇచట మోసపోవునది మన ఇంజనే. దీనివలన బలము నిజముగనే పెరుగును, ఈ మాట దాచవలసిన పని లేదు. నాలుగవదైన రీమ్యాపు అనగా పెట్టె లేకుండ ఈసీయూలోని పట్టికలనే మార్చి వ్రాయుట. చేయువాడు నిపుణుడైనచో ఇందులో నూనెతోపాటు గాలిని, చిమ్ము సమయమును గూడ సరిదిద్దవచ్చును గనుక పెట్టెకంటె ఇది మేలైనది. నిపుణుడు కానిచో ఇంతకంటె అపాయకరమైనది లేదు. ఇంకొకరి బండినుండి తెచ్చిన పట్టికను మన బండిలో దించువారును కలరు.

బలము పెరుగునని యొప్పుకొంటిమి గదా, మరి చిక్కెక్కడ? మన ప్రాంతమున చిక్కు గాలి దగ్గర ఉన్నది.

రామగుండము మే నెల ఎండ ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. 25 డిగ్రీల గాలికంటె 45 డిగ్రీల గాలి నూటికి ఆరు వంతులు పలుచన. బానెట్టు క్రింద వేడి ఇంకను హెచ్చు. దానికి తోడు ఓపెన్‌కాస్టు గనుల చెంత బొగ్గు లారీలు తిరుగు బాటలలో లేచు నల్లదుమ్ము. చేనిబాటలో ఎర్రదుమ్ము గాలి ఫిల్టరులో చేరినచో తట్టిన కొంత రాలును. బొగ్గుపొడి మెత్తనిది గనుక కాగితపు మడతలలో దిగి కూర్చుండును. గనులలోని పెద్ద డంపర్లవంటి యంత్రములకు ఫిల్టరు మూసుకొనినచో తెలియజేయు సూచిక అమర్చి యుండును. పికప్పు యజమానికి అట్టి సాయము సాధారణముగా ఉండదు. కనుక ఎండ వలన కొంత, దుమ్ము వలన కొంత, మన ఇంజనుకు గాలి ముందే కొరవ. తయారుచేసిన కంపెనీ వారు ఇట్టి రోజుల కొరకే నూనెను కొంత అదుపులో నుంచి అంతరము మిగిల్చినారు. ట్యూనింగు పెట్టె అమ్మునది ఆ అంతరమునే. చలికాలపు ఉదయమున ఖాళీబండితో రాజీవ్ రహదారిపై నడిపి చూపినప్పుడు అది చక్కగనే యుండును. పరీక్ష వచ్చునది మే నెల మధ్యాహ్నము, ధాన్యము నిండిన బండి గోదావరి గట్టు ఎక్కునప్పుడు.

అప్పుడు జరుగున దేమి? గాలి చాలక నూనె ఆలస్యముగా కాలును. బయటికి పోవు పొగ వేడెక్కును. పిస్టను అల్యూమినియపు మిశ్రలోహము. శుద్ధ అల్యూమినియము 660 డిగ్రీలకు కరగును. సిలిండరులోని మంట అంతకు మూడింతలు వేడి. అయినను పిస్టను కరగక నిలుచుటకు కారణము ఆ మంట క్షణమాత్రమే యుండుట, అడుగునుండి ఆయిలు చల్లబరచుట. ఈ తూకము కొంచెము తప్పినను పిస్టను అంచు పగులును, టర్బో యిరుసు దగ్గర ఆయిలు మాడి బొగ్గగును. అంతకు ముందుగనే చాలబండ్లలో క్లచ్చు ప్లేటు జారుట మొదలగును. ఏలయన అది పాత బలమునకు సరిపోవునట్లే చేయబడినది.

బరువు సంగతియు ఇచటనే చెప్పవలెను. 1.7 టన్నుల మోత గల బండిలో 40 కిలోల ధాన్యపు బస్తాలు 42 పట్టును. అరువదియైదు వేసిన 2,600 కిలోలు, అనగా తొమ్మిదివందల కిలోల అధికము. ట్యూనింగు వలన ఈ బరువును ఇంజను లాగవచ్చును. బ్రేకులు, పట్టీలు, ఇరుసులు, టైరులు మాత్రము పాతవే. లాగిన బండిని నిలుపుటకు ఏ పెట్టెయు లేదు.

డీజిలు ఆదా యను మాటను లెక్కవేసి చూతము. నెలకు 1,500 కిలోమీటర్లు తిరుగు బండి లీటరునకు 13 చొప్పున ఇచ్చిన 115 లీటర్లు పట్టును. అమ్మువాని మాట కొంత నమ్మి నూటికి ఐదు వంతులు ఆదా యనుకొందము. అది ఆరు లీటర్లకు లోపు. లీటరు 95 రూపాయలుగా వేసిన నెలకు సుమారు 550 రూపాయలు. పెట్టె ధర 25,000 అనుకొనినచో పెట్టుబడి తిరిగి వచ్చుటకు నాలుగేండ్లకు కొంచెము తక్కువ పట్టును. ఈ నడుమ క్లచ్చు ఒక్కసారి మార్చవలసివచ్చిన లెక్క తారుమారు. పైగా పెరిగిన బలమును వాడుకొనువాడు ఆదాను చూడడు. రెండును ఒకేసారి దొరకునవి కావు.

చట్టము మాటకు వత్తము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షనును గట్టిగా సమర్థించినది. అదే సంవత్సరపు సవరణ ద్వారా చేరిన 182ఏ సెక్షను, అనుమతిలేని ప్రతి మార్పునకు యజమానికి ఐదువేల రూపాయల జుల్మానా గాని, ఆరునెలలవరకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చునని చెప్పుచున్నది. ప్రమాదము జరిగినప్పుడు బీమావారు ఈ మార్పును ఎత్తిచూపి పరిహారమునకు అడ్డు చెప్పవచ్చును. వారంటీ సంగతి సరే సరి. బండిపై బ్యాంకు అప్పు ఇంకను ఉన్నవారు ఈ రెంటిని మరువరాదు.

2020 ఏప్రిల్ 1 నుండి అమ్ముడైన బీఎస్-6 బండ్లకు ఇంకొక చిక్కు. పొగగొట్టములో మసిని పట్టు ఫిల్టరు గల బండ్లలో ఆ మసి హెచ్చువేడికి తనంతట కాలిపోవలెను. గోదావరిఖని చౌరస్తాలలో ఆగుచు సాగుచు తిరుగు బండికి ఆ వేడి చాలదు. ట్యూనింగు వలన మసి పెరిగినచో ఫిల్టరు త్వరగా మూసుకొనును. అప్పుడు ఆ ఫిల్టరునే కోసి తీసివేయుదు మని చెప్పువారు తయారగుదురు. అమెరికాలో ఒక దశాబ్దములో ఐదున్నర లక్షలకు పైగా డీజిలు పికప్పులనుండి ఇట్టి పరికరములను తొలగించినట్లు అచటి పర్యావరణ సంస్థ 2020లో లెక్కతేల్చినది. గనుల దుమ్ము, విద్యుత్కేంద్రపు పొగ నడుమ బ్రదుకు మన ఊళ్ళకు ఆ భాగ్యము కూడ కావలెనా?

కావున మా అభిప్రాయ మేమనగా, బాడుగకు గాని సొంత సేద్యమునకు గాని బరువు మోయు బండికి ఈ పెట్టె కొనదగదు. బండి మునుపు లాగినట్లు లాగుట లేదని తోచినవారు ముందుగా ఈ పని చేయవలెను. పైన చెప్పిన ఓబీడీ సాకెట్టుకే తగిలించి, సెల్‌ఫోనులో ఇంజను లోపములను చదివి చూపు చిన్న రీడరు తక్కువ ధరకే దొరకును. దీపపు బిరడా వలె గాక ఇది నిజముగా పనిచేయునది. నలుగురు యజమానులు కలసి ఒకటి కొనిన చాలును. పిమ్మట గాలి ఫిల్టరు చూడవలెను. బొగ్గుబాటలో తిరుగు బండికి కంపెనీ పుస్తకములోని గడువులో సగమునకే మార్చుట మంచిది. టర్బోనుండి ఇంటర్‌కూలరుకు పోవు రబ్బరు గొట్టములను చేతితో తడిమి చీలిక గాని ఆయిలు చెమ్మ గాని యున్నదేమో చూడవలెను. బలము తగ్గిన దని వచ్చు బండ్లలో పెక్కింటికి ఈ గొట్టపు చీలికయే కారణము. దీని ఖర్చు పెట్టె ధరలో కొద్ది వంతు. డీజిలు ఫిల్టరులో నీరు, టైరులలో గాలి, ఈడ్చుచున్న బ్రేకు, ఇవి తరువాత.

ఇప్పటికే పెట్టె బిగించినవారు దానిని తీయించి మొదటి తీగను యథాస్థానమున కలుపుట ఉత్తమము. తీగలు కోయక సాకెట్టుల ద్వారా బిగించిన పెట్టెయైనచో పది నిమిషముల పని. కోసి అతికిన చోట చెమ్మ చేరక ముందే కంపెనీ తీగను మార్పించవలెను. తీసిన తరువాత ఈసీయూలో నిలిచియున్న లోపపు సంకేతములను రీడరుతో తుడిచి, వారము దినములు నిండు బరువుతో నడిపి మరల చూడవలెను. క్లచ్చు నొకసారి పరీక్షించుట, ఆయిలును గడువుకు ముందే ఒకసారి మార్చుట అవసరము. బరువు దించిన వెంటనే తాళము త్రిప్పి ఇంజను ఆపక, ఒకటి రెండు నిమిషములు నెమ్మదిగా ఆడనిచ్చినచో టర్బో యిరుసు చల్లబడును.